ఎనభై రెండు శాతం

నేను దొంగలెక్క రాశానని మా గైడు గురునాథరావు గారు నా మొహం మీదే అన్నారు. అన్నది కూడా ఎలా? టేబుల్ మీద ఒక కాగితం పెట్టి, దాని మీద పెన్ను పెట్టి, "సంతకం పెట్టెయ్ తల్లీ, గొడవ వదిలిపోతుంది" అని. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

కాగితంలో నాలుగే వాక్యాలు ఉన్నాయి. హేమమాలిని అనే నేను నా పీహెచ్‌డీ థీసిస్ మూడో అధ్యాయంలో ఎనభై రెండు శాతం అని చూపించిన దిగుబడి లెక్కలో జరిగిన పొరపాటు వల్ల వచ్చిందని ఒప్పుకుంటున్నాను. ఆ అధ్యాయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇందులో నా గైడుకు గానీ డిపార్ట్‌మెంటుకు గానీ సంబంధం లేదు. ఇట్లు.

"పొరపాటు ఎక్కడ జరిగింది సర్?" అన్నాను.

"ఎక్కడో జరిగే ఉంటుంది."

"ఎక్కడో అంటే కుదరదు. నా నోట్‌బుక్కు మీ బీరువాలోనే ఉంది. ఏ పేజీలో, ఏ వరసలో తప్పుందో చూపించండి, అప్పుడు పెడతాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఉదయ్‌కుమార్ తొమ్మిదిసార్లు చేశాడమ్మా. నువ్వు రాసింది రాసినట్టు, పొల్లు పోకుండా చేశాడు. ఒక్కసారి కూడా పన్నెండు శాతం దాటలేదు. కమిటీ ఇరవై రెండో తారీకున కూర్చుంటుంది. ఈ లోపల నువ్వు సంతకం పెడితే అది పొరపాటు అవుతుంది. ఆరు నెలల్లో మిగతా అధ్యాయాలతో డిగ్రీ ఇప్పిస్తాను. పెట్టకపోతే కమిటీయే రాస్తుంది. వాళ్ళు మోసం అని రాస్తారు. ఆ మాట ఒకసారి కాగితం మీదికెక్కిందంటే నీకు డిగ్రీ లేదు, ఏ కాలేజీలోనూ ఉద్యోగం లేదు."

ఆరేళ్ళు. ఇరవై మూడేళ్ళ వయసులో ఆ ల్యాబులో అడుగుపెట్టాను. నా పెళ్ళి సంబంధాలన్నీ "థీసిస్ అయ్యాక చూద్దాం" అనే మాట దగ్గర ఆగిపోయాయి. అదంతా ఒక పెన్నుగీతతో కొట్టెయ్యమంటున్నాడు ఈయన. "పెట్టను సర్" అని లేచి బయటికి వచ్చేశాను. తలుపు కొంచెం గట్టిగానే పడింది. పడనీ.

అసలు గొడవ దేని గురించో చెబుతాను. కెమిస్ట్రీ అనగానే పేజీ తిప్పెయ్యకండి, ఇందులో అర్థం కానిదేమీ లేదు.

బొగ్గును గాలి తగలకుండా మాడ్చి కోక్ చేసేటప్పుడు తారు దిగుతుంది. ఆ తారులో ఫినాల్ ఉంటుంది, దాని తమ్ముడు క్రెసాల్ ఉంటుంది. మా నాన్న నూకరాజు ముప్పై నాలుగేళ్ళు భిలాయి స్టీల్ ప్లాంటులో ఆ తారు పక్కనే ఉద్యోగం చేశాడు. మరోదా సెక్టార్‌లో మేం కంపెనీ క్వార్టర్‌లో ఉన్న రోజుల్లో ఆయన ఇంటి మలుపు తిరగకముందే ఆ వాసన లోపలికి వచ్చేది. అమ్మ ఆయన చొక్కాను మిగతా బట్టలతో కలిపి ఉతికేది కాదు. ఈ క్రెసాల్‌లో ఆరు కార్బన్ల ఉంగరం ఒకటుంటుంది, దానికి ఒక మూల ఓహెచ్ అనే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట అంటుకుని ఉంటుంది. ఆ జంటను తీసేసి ఆ చోట ఇంకో ఉంగరాన్ని అతికించామంటే మందులకు పనికొచ్చే సరుకు తయారవుతుంది. నాన్న రోజూ పొద్దున్నే మింగే బీపీ మాత్ర లోపల ఉన్నవి అలాంటి జంట ఉంగరాలే.

తిప్పలల్లా ఓహెచ్‌తోనే. అది కదలదు. రిటైరై నాలుగేళ్ళయినా కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యని పెద్దమనుషులు మా ఊళ్ళో ఉన్నారే, అచ్చం అలాగే కూర్చుంటుంది. దాన్ని మంచు మీద ఉంచి, ట్రిఫ్లిక్ ఎన్‌హైడ్రైడ్ అనే పొగలు కక్కే ద్రవాన్ని బొట్టు బొట్టుగా వేసి ట్రిఫ్లేట్ కింద మార్చాలి. ట్రిఫ్లేట్ అయ్యాక దాని పట్టు సడలిపోతుంది. అప్పుడు పల్లాడియం ఉత్ప్రేరకం చిటికెడు వేస్తే పాతది తప్పుకుంటుంది, కొత్త ఉంగరం వచ్చి కూర్చుంటుంది. ఇలా ఉంగరాలే కాదు, ఆ ఖాళీలో నైట్రోజన్ పెట్టొచ్చు, ఏమీ పెట్టకుండా ఒట్టిగా వదిలెయ్యొచ్చు. నా థీసిస్ నిండా ఈ పనులే. అన్నిటికీ మెట్లు రెండే: మొదట ట్రిఫ్లేట్ చెయ్యడం, తరవాత అతికించడం.

మూడో అధ్యాయంలో ఉన్నది ఆ బీపీ మాత్ర ఉంగరాల సంగతి. రావలసిన సరుకులో నాకు ఎనభై రెండు పాళ్ళు వచ్చింది. ఆగస్టులో రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఎనభై దాటింది. ల్యాబు పని అయిపోయిందని వైశాలి నగర్‌లో మా ఇంట్లో కూర్చుని థీసిస్ రాసుకోవడం మొదలుపెట్టాను. సెప్టెంబర్‌లో ఉదయ్‌కుమార్ అనే కొత్త రీసెర్చ్ స్కాలర్ చేరాడు. నా పనిని ముందుకు తీసుకెళ్ళమని గురునాథరావు గారు వాడికి అప్పజెప్పారు. డిసెంబర్ వచ్చేసరికి నా నెత్తి మీద ఈ కాగితం.

గైడు గదిలోంచి తిన్నగా ల్యాబుకి వెళ్ళాను. ఉదయ్ నన్ను చూసి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. శ్రీకాకుళం వాళ్ళ అబ్బాయే గానీ పుట్టింది, పెరిగింది భిలాయిలో, తెలుగు కన్నా హిందీయే ముందు వస్తుంది.

"దీదీ, కసమ్ సే, నేను కంప్లెయింట్ ఇవ్వలే. సర్ అడిగారు, నేను నంబర్స్ చూపించా. బస్."

"నంబర్స్ చూపించావు సరే, నాకు ఒక్క ఫోన్ చెయ్యడానికి నీకు చెయ్యి రాలేదా?"

"సర్ వద్దన్నారు."

"సర్ బావిలో దూకమంటే దూకుతావా? నోట్‌బుక్కు తే."

తెచ్చాడు. నేను వాడిని తిట్టడానికి సిద్ధపడే తెరిచాను. రెండు పేజీలు చదివేసరికి తిట్టడానికి ఏమీ దొరకలేదు. పని శుభ్రంగా ఉంది. మొదటి మెట్టులో తొంభై ఒకటి, తొంభై మూడు, తొంభై. నాకూ అంతే వచ్చేది. అంటే ట్రిఫ్లేట్ బంగారంలా వస్తోంది. రెండో మెట్టులోకి వచ్చేసరికి ఎనిమిది, ఆరు, పదకొండు. మొదటి ప్రయత్నం తేదీ సెప్టెంబర్ ఇరవై నాలుగు.

"రెండో మెట్టులో ఫ్లాస్కు అడుగున నల్లగా ఏమైనా పేరుకుంటోందా?"

"హాఁ దీదీ. ప్రతిసారీ. నార్మల్ అనుకున్నా."

నల్లగా పేరుకుందంటే పల్లాడియం పని చెయ్యకుండా చచ్చి అడుక్కి దిగిపోతోందన్నమాట. ఫ్రిడ్జి తలుపు తీసి ఉత్ప్రేరకం సీసా బయట పెట్టాను. ముదురు రంగు సీసా, బయటికి ఏమీ తెలియదు. తెల్ల కాగితం మీద కొంచెం ఒంపాను. నిమ్మపండు పసుపులో ఉండాల్సిన పొడి ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగులో, ఉండలు కట్టి ఉంది.

"ఇది ఇలా ఎప్పటి నుంచి ఉంది?"

"నేను చేరిన దగ్గరి నుంచీ ఇలాగే ఉంది. దీని రంగే ఇది అనుకున్నా దీదీ."

పాపం, వాడు పసుపు రంగుది ఎప్పుడూ చూడలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఎగిరి గంతెయ్యాలనీ అనిపించింది. నా లెక్క తప్పు కాదు. చల్లదనం తప్పి సీసా పాడైపోయింది. ఎవడో దరిద్రుడు ఫ్రిడ్జిని తగలేసి నా ఆరేళ్ళను ఆర్పెయ్యబోయాడు. వాడెవడో ఇవాళ తేల్చెయ్యాలి అనుకుని ల్యాబ్ అటెండరు చిట్టిబాబుని కేకేశాను.

చిట్టిబాబుకి యాభై దాటాయి. క్యాంప్ 2 నుంచి సైకిల్ మీద వస్తాడు. నేను చేరిన రోజు నుంచీ నన్ను పాపా అనే పిలుస్తాడు.

"ఏటైంది పాపా, అలగరుస్తన్నావు?"

"సెప్టెంబర్‌లో ఈ ఫ్రిడ్జి ఎప్పుడైనా ఆగిందా?"

చిట్టిబాబు తల గోక్కున్నాడు. ఉదయ్ వైపు చూశాడు. "సెప్పమంటావా?"

"చెప్పమనే కదా అడుగుతున్నాను!"

"కోప్పడకూడదు మరి. ఫ్రిడ్జి దానంతటది ఆగనేదు పాపా. ఆపింది నువ్వే కాదేటి? విస్వకర్మ పూజ నాడు."

అవును, ఆపింది నేనే.

భిలాయిలో సెప్టెంబర్ పదిహేడంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. ఆ రోజు గ్యారేజీలో పానా దగ్గరి నుంచి వెల్డింగ్ షాపులో గ్యాసు సిలిండరు దాకా ప్రతి పనిముట్టుకీ స్నానం, బొట్టు, బంతిపూల దండ. ఆ రోజు యంత్రం చేత పని చేయించకూడదు. నేను ప్లాంటు పిల్లని, చిన్నప్పటి నుంచీ ఆ పూజలోనే పెరిగాను. మా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో ఎవరూ చెయ్యడం లేదని మూడేళ్ళ కిందట నేనే మొదలుపెట్టాను. ఈసారి థీసిస్ పని మానుకుని మరీ వచ్చాను. గాజు సామానంతా తోమించాను. త్రాసుకి బొట్టు పెట్టాను. ద్రావకాలు ఆవిరి చేసే యంత్రానికి దండ వేశాను. గురునాథరావు గారు కొబ్బరికాయ కొట్టారు. అందరూ చూస్తుండగా నేను వెళ్ళి మెయిన్ స్విచ్చి దించాను.

అప్పుడు ఈ చిట్టిబాబే అడిగాడు, "పాపా, ఫ్రిడ్జి కూడానా?" అని. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఫ్రిడ్జి యంత్రం కాదా ఏమిటి? పాపం, ఏడాదంతా పని చేస్తుంది, దానికి ఒక్కరోజు సెలవు వద్దా?" అందరూ నవ్వారు. నా తెలివికి నేనే మురిసిపోయి రెండో బూందీ పొట్లం కూడా తీసుకున్నాను. ఆ రోజు శుక్రవారం, తరవాతి రెండు రోజులూ సెలవు.

"సోమారం ఒచ్చి నానే స్విచ్చేసినాను," అన్నాడు చిట్టిబాబు. "పైన గెడ్డ కట్టిన ఐసంతా కరిగిపోయి, కింద అరలో నీరు నిలిచిపోనాది. సీసాలు నీట్లో ఉన్నాయి. గుడ్డెట్టి తుడిసీసి ఎక్కడివక్కడ ఎట్టీసినాను. తప్పేటి?"

"నీ తప్పేం లేదు."

మూడు రోజులు వేడి, పైగా తడి. ఆ పొడికి గాలీ తేమా తగలకూడదు. సరిగ్గా మూత బిగించకపోతే ఇంకేముంది. దరిద్రుడు ఎవడా అని వెతికాను కదా, దొరికాడు. కాదు, దొరికింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తొమ్మిదిసార్లు ఈ అబ్బాయి చెమటోడ్చి చేసిన పనిని నేను ఒక్క స్విచ్చితో తగలేశాను, పైగా వాడి మీద అరిచాను.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. నాన్న వింటూనే తల కొట్టుకున్నాడు.

"ఒలే అమ్మీ, కోకు బేటరీ పొయ్యిలెప్పుడైనా ఆపినామేటే? నాను సేరినప్పుడు మండతంది, నాను దిగిపోయినప్పుడూ మండతానే ఉంది. ఒక్క పూట సల్లారితే లోపల ఇటుకలు పగిలిపోతాయి. పూజనాడు మేమేటి సేసీవోళ్ళం? పక్కన పడున్న పానాలు, పలుగులు కడిగి బొట్టెట్టీవోళ్ళం. నడిసీదాన్ని నడవనిచ్చీవోళ్ళం. దేవుడికి ఆ మాత్రం తెలీదనుకున్నావేటి?"

"నాకు తెలీలేదు నాన్నా."

"ఇంత సదువు సదివి!"

అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. అమ్మ పేరు అప్పయమ్మ, ఆవిడకి ప్రతి చిక్కుకీ దగ్గరి దారి ఒకటి తెలుసు. "కరెంటు పోయిందని సెప్పీయే. బిలాయిలో కరెంటు పోదేటి? ఎవులు సూసొచ్చినారు? నీ మీదకి రాదు, ఆ చిట్టిబాబు మీదకీ రాదు."

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు తియ్యగానే తగిలింది. కరెంటు పోయింది, మూడు రోజులు రాలేదు, ఎవరి తప్పూ లేదు. ఎంత సుఖం! మంచం మీద పడుకుని ఆ అబద్ధాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఎక్కడా పగులు లేదు. కానీ రేపు కమిటీ ముందు నిలబడి ఫ్రిడ్జి గురించి ఒక అబద్ధం, దిగుబడి గురించి ఒక నిజం చెబితే, ఈ రెండింటిలో ఏది నిజమో వాళ్ళకెలా తెలుస్తుంది? నాకే ఎలా తెలుస్తుంది? వద్దమ్మా, అన్నాను. అమ్మ "నీ ఇష్టం, నీ కర్మ" అని గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే గురునాథరావు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"ఇంకా లేదు."

"అనకు. కొబ్బరికాయ కొట్టింది నేను. ఫోటో డిపార్ట్‌మెంటు వాట్సాప్‌లో ఉంది. ల్యాబు ఇన్‌చార్జిని నేను. మూడు రోజులు ఫ్రిడ్జి ఆపేసి కూర్చున్నారని తెలిస్తే నన్నేమంటారు? ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్. లెక్కలో పొరపాటంటే ఎవరికీ నష్టం లేదు."

"నాకు నష్టం లేదా సర్?"

"ఆరు నెలలే కదమ్మా."

"ఆరు నెలలు కాదు సర్. నేను చెయ్యని తప్పు ఒప్పుకుని, చేసిన తప్పు దాచమంటున్నారు. నాకు రెండూ తిరగేసి కావాలి."

"కొత్త ఉత్ప్రేరకం ఆర్డరు పెడితే రెండు నెలలు పడుతుంది. కమిటీ ఇరవై రెండున. ఏం చూపిస్తావు?"

"కొనక్కర్లేదు. చేసుకోవచ్చు. పల్లాడియం క్లోరైడు బీరువాలో ఉంది, సీలు కూడా తీయలేదు. మిగతావన్నీ అరల్లో ఉన్నాయి. రెండు గంటల పని."

"కమిటీ అనుమతి లేకుండా ల్యాబులో నువ్వేదీ ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నారాయన. అలా అంటే ఆగిపోతాననుకున్నారు. నేను మెట్లు దిగి తిన్నగా కమిటీ ఛైర్మన్ గదికే వెళ్ళాను.

ఆవిడ పేరు డాక్టర్ వందన. రాయపూర్ ఆవిడ, తెలుగు ఒక్క ముక్క రాదు. తక్కువ మాట్లాడతారు, అందుకని అందరికీ ఆవిడంటే భయం. నేను హిందీలో మొత్తం చెప్పాను. పూజ, స్విచ్చి, ఐసు, గుడ్డ, ఏదీ వదల్లేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"నువ్వు చేసి చూపిస్తే ఎవరూ నమ్మరు," అన్నారు హిందీలోనే. "ఉదయ్ చేస్తాడు. నేను పక్కనే కూర్చుంటాను. నువ్వు నోటితో చెప్పొచ్చు. చెయ్యి ఒక్కసారి ముందుకొచ్చినా అక్కడితో అయిపోయినట్టే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను మేడమ్."

ఒప్పుకోవడం తేలిక. మూడు రోజులు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం ఎలా ఉంటుందో ఒకసారి నిలబడి చూడండి. హోంవర్కు చెయ్యని పిల్లలా గోడ పక్కన నేను, కుర్చీలో వందన గారు, గుమ్మం దగ్గర కాలు కాలిన పిల్లిలా గురునాథరావు గారు. వాడి చేతుల మీద నా బతుకు ఆధారపడి ఉందని వాడికీ తెలుసు.

మొదటి రోజు ఉత్ప్రేరకం చేశాం. పల్లాడియం క్లోరైడు, ట్రైఫినైల్ ఫాస్ఫీన్ కలిపి ద్రావకంలో వేడి చెయ్యాలి, మడ్డిగా ఉన్నది తేటపడేదాకా.

"దించెయ్యనా దీదీ?"

"ఆగు. ఇంకా తేటపడలేదు. తొందరేం లేదు, పెళ్ళివారు రావడం లేదు."

తేటపడింది. దించి హైడ్రజీన్ వెయ్యమన్నాను. బుసబుసమని పొంగింది, ఉదయ్ అదిరిపడ్డాడు. నా చెయ్యి దానంతటది లేవబోయింది, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. చల్లబడుతుంటే అడుగున గింజలు దిగడం మొదలైంది. నిమ్మపండు పసుపు. నైట్రోజన్ కింద వడకట్టి, కడిగి, ఆరబెట్టాక మెరిసిపోయాయి.

"అరే వాహ్!" అన్నాడు ఉదయ్. "ఇది ఇలా ఉంటుందా దీదీ? మరి నేను మూడు నెలలు ఏం వేశాను?"

"నా పూజ ప్రసాదం," అన్నాను. చిట్టిబాబు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. వందన గారికి అర్థం కాలేదు, ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ట్రిఫ్లేట్. అది ఉదయ్‌కి ముందే వచ్చిన పని, మంచులో పెట్టి బొట్టు బొట్టుగా వేసుకున్నాడు, నేను నోరు మెదపాల్సిన అవసరం రాలేదు. రెండో రోజు అతికించే మెట్టు. ఫ్లాస్కులోంచి గాలి తరిమేసి, నైట్రోజన్ నింపి, పసుపు గింజలు వేసి, వేడి మీద పెట్టాడు. ఇక చూడటమే. గంట గడిచింది. రెండు గంటలు. నేను అడుగు వైపే చూస్తున్నాను. నల్లబడితే నా కథ కంచికే. మూడో గంటకి కూడా నల్లబడలేదు. కొంచెం తీసి, పల్చటి పలక మీద చుక్క పెట్టి నీలం దీపం కింద చూశాడు. ట్రిఫ్లేట్ చుక్క చిక్కిపోతోంది, దాని పక్కన కొత్త చుక్క లావెక్కుతోంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. చేతులు వెనకే ఉన్నాయి కాబట్టి నోరు కూడా మూసుకున్నాను.

మూడో రోజు సరుకును శుభ్రం చేసి, ద్రావకం పోగొట్టి, తెల్లటి పలుకులు త్రాసు మీద పెట్టాడు. వాడు బరువు చదివాడు. కాలిక్యులేటర్ మీద ఒకసారి కొట్టాడు, నమ్మకం లేక ఇంకోసారి కొట్టాడు.

"సెవెంటీ నైన్ పర్సెంట్," అన్నాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు గైడుగారు నా మొహం మీదే దొంగవన్నప్పుడు రాని నీళ్ళు ఇప్పుడొచ్చాయి. చిట్టిబాబు "ఒలమ్మో, అయిపోనాదా? నెగ్గినామా?" అని అందరినీ అడుగుతున్నాడు.

వందన గారు రిపోర్టు ఫారం ముందుకు జరిపారు. పాత ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయో కారణం రాయమన్నారు. చేతులు ముందుకు తెచ్చుకునే హక్కు అప్పుడొచ్చింది నాకు. పెన్ను తీసుకుని రాశాను: సెప్టెంబర్ పదిహేడున మెయిన్ స్విచ్చి నేనే ఆపాను, ఫ్రిడ్జి మూడు రోజులు ఆగిపోయింది, ఉత్ప్రేరకం పాడైంది. ల్యాబ్ అటెండరుకి దీనితో సంబంధం లేదు, ఫ్రిడ్జి కూడానా అని అడిగింది ఆయనొక్కడే.

ఆవిడ చదివారు. "ఇది ఇలా రాస్తే నిర్లక్ష్యం కింద నీకు నోటీసు వస్తుంది. తెలుసా?"

"రానివ్వండి మేడమ్. అది నేను చేసిన పనే."

ఆవిడ తల ఊపి, దిగుబడి అంకె వెయ్యమని ఫారం ఉదయ్ వైపు తిప్పారు. వాడు పెన్ను ఎత్తాడు. అప్పుడు గుమ్మం దగ్గరి నుంచి గురునాథరావు గారు లోపలికి వచ్చారు. మొహం నిండా నవ్వు. ఉదయ్ భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, తెలుగులో అన్నారు.

"శభాష్ రా. ఒక్క మాట. థీసిస్‌లో ఎనభై రెండని ఉంది, ఇక్కడ డెబ్బై తొమ్మిదని వేస్తే మళ్ళీ ఎవడో ఒకడు ప్రశ్న వేస్తాడు. మూడు శాతం తేడాకి ఎందుకొచ్చిన గోల? ఎనభై రెండు వేసెయ్. రెండూ కలిసిపోతాయి. హేమా, నీ మంచికే చెబుతున్నాను."

వందన గారు కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు. మా ముగ్గురి తెలుగు ఆవిడకి చప్పుడు మాత్రమే. ఉదయ్ పెన్ను కాగితం మీద ఆనకుండా గాలిలో ఆగిపోయింది. వాడు నా వైపు చూశాడు. ఇంకా నాలుగైదేళ్ళు వాడు ఈయన కిందే పని చెయ్యాలి. నేను ఒక్కసారి తల ఊపితే చాలు, నా థీసిస్ మీద ఇంకెవరూ వేలు పెట్టరు, గైడుగారూ నేనూ మళ్ళీ మంచివాళ్ళమైపోతాం. మూడే మూడు శాతం.

ఏ పని చేశానని ఈయన నన్ను దొంగను చేశాడో, అదే పని నా చేత, నా కళ్ళ ముందు, నవ్వుతూ చేయించబోతున్నాడు.

నేను జవాబు తెలుగులో చెప్పలేదు. హిందీలో, వందన గారికి ప్రతి మాటా వినపడేలా చెప్పాను.

"మేడమ్, గురునాథరావు సర్ ఇక్కడ ఎనభై రెండు అని వెయ్యమంటున్నారు. త్రాసు డెబ్బై తొమ్మిది చూపించింది. ఎనభై రెండు ఆగస్టులో నా చేతికి వచ్చింది, అది నాది. డెబ్బై తొమ్మిది ఇవాళ ఉదయ్ చేతికి వచ్చింది, అది వాడిది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, నేను కూడా."

గురునాథరావు గారి చెయ్యి ఉదయ్ భుజం మీంచి జారిపోయింది. వందన గారు ఆయన వంక చూసి, ఉదయ్ ముందున్న ఫారం చూపించారు. ఉదయ్ కాగితం మీదికి వంగి, ఏడు వేశాడు, దాని పక్కన తొమ్మిది వేశాడు.